పైథానా, జావానా, సీ ప్లస్ ప్లస్సా? నెల్లూరు, ఒంగోలు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి సారం ఒకటే: "నాకు ఫలానా ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ నచ్చింది, చుట్టూ ఉన్నవాళ్లు ఇంకోటి నేర్చుకోమంటున్నారు." నచ్చడం తీసిపారేయాల్సిన కారణం కాదు. రోజూ కూర్చుని రాసేది మీరే. కాకపోతే అందులో ఏం నచ్చిందో, అది మీ పనికి ఎక్కడ అడ్డొస్తుందో తెలిసి ఎంచుకోవాలి.

ప్రశ్న: కావలిలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్‌లో టర్బో సీ మీద సీ నేర్పారు. అది ఏమాత్రం నచ్చలేదు. సొంతంగా పైథాన్ నేర్చుకుంటే హాయిగా అనిపించింది. సీనియర్లేమో క్యాంపస్ సెలెక్షన్లకు జావానే చేయమంటున్నారు. నచ్చిందన్న కారణంతో పైథాన్‌లోనే ఉండిపోవచ్చా?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: ఉండిపోవచ్చు. అయితే మీకు నచ్చనిది సీనా, టర్బో సీనా అన్నది ముందు తేల్చుకోండి. టర్బో సీ డాస్ కాలం నాటి కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్. అందులో పూర్ణాంకాలు దాచే ఇంట్ 16 బిట్లే కాబట్టి 32767 దాటగానే లెక్క తలకిందులవుతుంది. నెల్లూరు పుట్టి 850 కిలోలు కదా, 40 పుట్ల బరువు ఇంట్‌లో లెక్కగట్టమంటే 34000 బదులు -31536 చూపిస్తుంది. అదే ప్రోగ్రామ్ జీసీసీ కంపైలర్‌లో సరైన జవాబే ఇస్తుంది, ఎందుకంటే మామూలు కంప్యూటర్ల మీద అక్కడ ఇంట్ 32 బిట్లు. ల్యాబ్‌లో అలవాటు చేసిన కోనియో హెడర్, స్క్రీన్ తుడిచే ఫంక్షన్ జీసీసీలో పనిచేయవు. వాటిని తీసేసి, మెయిన్ ముందు వాయిడ్ బదులు ఇంట్ పెట్టి, వార్నింగులన్నీ చూపించే ఆప్షన్‌తో కంపైల్ చేయండి. పాయింటర్ల (మెమరీ చిరునామాలు దాచే వేరియబుల్స్) దగ్గర ఎక్కడ తప్పుతున్నారో కంపైలరే చాలావరకు చెబుతుంది. సీ మీద అభిప్రాయం ఆ తర్వాత ఏర్పరచుకోండి.

ఇక పైథాన్, జావాల మధ్య ఎంపిక. ఒకే చిన్న ప్రోగ్రామ్‌ను రెండింటిలోనూ రాయండి. ధాన్యం బస్తాల బరువులు తీసుకుని, మొత్తం ఎన్ని పుట్లు, మిగులు ఎన్ని కిలోలు, పుట్టి ధర చొప్పున ఎంత సొమ్ము అన్నది చెప్పాలి. 12,430 కిలోలిస్తే 14 పుట్ల 530 కిలోలు రావాలి. ఇప్పుడు కావాలనే ఒక తప్పు పెట్టండి: పుట్ల సంఖ్య 12ను అంకెగా కాకుండా కోట్స్ మధ్య, అంటే స్ట్రింగ్‌గా ఇచ్చి 850తో గుణించండి. పైథాన్ అభ్యంతరం చెప్పదు. 12 అన్న అక్షరాలను 850 సార్లు పక్కపక్కన పేర్చి 1700 అక్షరాల స్ట్రింగ్ చేతిలో పెడుతుంది. జావా అసలు కంపైలే కాదు. రెండు వారాలు పక్కన పడేసి మళ్లీ తెరిచి, తేమకు కోత వేసే లెక్క ఒకటి చేర్చండి. ఏ ఫైల్‌ను బెరుకు లేకుండా మార్చగలిగారో చూడండి. కంపైలర్ ముందే ఆపడం కొందరికి చిరాకు, కొందరికి ధీమా. మీరు ఎవరన్నది ఇక్కడే తెలుస్తుంది. లాంగ్వేజ్ ఎంచుకోవడానికి ఇంతకంటే గట్టి సొంత కారణం మాకు తెలియదు.

కోడింగ్ పరీక్షల్లో చాలావరకు లాంగ్వేజ్ ఎంచుకునే వీలుంటుంది. పైథాన్‌తో వెళితే మూడు విషయాలు తెలిసి ఉండాలి. కోట్లసార్లు తిరిగే లూపు రాస్తే టైమ్ దాటిపోవచ్చు. తనను తానే పిలుచుకునే ఫంక్షన్ మామూలుగా వెయ్యి లోతు దగ్గర ఆగిపోతుంది. రుణ సంఖ్యల భాగహారంలో తేడా ఉంది: -7ను 2తో పూర్ణాంక భాగహారం చేస్తే పైథాన్ -4 అంటుంది, జావా -3 అంటుంది. జావాతో వెళితే ఇంట్ 2147483647 దాటినప్పుడు ఏ ఎర్రరూ రాకుండా మైనస్‌లోకి పోతుందని, రెండు స్ట్రింగులను == తో కాకుండా ఈక్వల్స్‌తో పోల్చాలని గుర్తుంచుకోండి. ఇన్‌పుట్ లక్ష వరుసలుంటే స్కానర్ నెమ్మది, బఫర్డ్ రీడర్ వాడాలి.

మా సలహా: పైథాన్ కొనసాగించండి, సీని జీసీసీ మీద ఇంకోసారి చేయండి, జావాను ఓఓపీ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) పేపర్ వచ్చిన సెమిస్టర్‌లో చదవండి. ఇంటర్వ్యూలో అడిగేది సాధారణంగా మీరు ఎంచుకున్న లాంగ్వేజ్ లోపల ఏం జరుగుతుందనే. లిస్ట్ మొదట్లో ఒకటి చేర్చడం ఎందుకు నెమ్మది, చివర చేర్చడం ఎందుకు త్వరగా అవుతుంది అన్నది చెప్పగలిగితే లాంగ్వేజ్ పేరు పెద్దగా అడ్డు రాదు.

ప్రశ్న: ఆండ్రాయిడ్ యాప్‌లు చేయాలని కోట్లిన్ మొదలుపెట్టాను. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తోంది. మార్చుకోవాల్సింది లాంగ్వేజా, ల్యాప్‌టాపా?
– ఆత్మకూరు పాఠకుడు

జవాబు: కోట్లిన్ తప్పు కాదు. ఆండ్రాయిడ్ స్టూడియోకే కనీసం 8 జీబీ కావాలి, కంప్యూటర్ తెర మీదే ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్ కూడా తెరిస్తే అదీ చాలదు. ప్రస్తుతానికి ఎమ్యులేటర్ పూర్తిగా మానేయండి. ఫోన్ సెట్టింగుల్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి యాప్‌ను నేరుగా ఫోన్‌లోనే నడపండి. అప్పటికీ భారంగా ఉంటే ర్యామ్ పెంచుకునేదాకా కోట్లిన్ భాషను కమాండ్ లైన్ మీద నేర్చుకోవడం మేలు. మెషీన్ మోయలేదని ఇష్టమైన లాంగ్వేజ్‌ను శాశ్వతంగా వదులుకోవద్దు.

ప్రశ్న: మా రొయ్యల చెరువులో నీటి ఉష్ణోగ్రత కొలిచి ఫోన్‌కు పంపే పరికరం చేస్తున్నాం. ఈఎస్‌పీ32 బోర్డు, డీఎస్18బీ20 సెన్సర్లు రెండు కొన్నాం. నేను ఆర్డునోలో సీ ప్లస్ ప్లస్ అంటున్నాను. మా తమ్ముడు మైక్రోపైథాన్ (చిన్న బోర్డుల కోసం చేసిన పైథాన్) అంటున్నాడు. వాడికి కాలేజీలో పైథాన్ వచ్చు. ఎవరి మాట సరైనది?
– ఇందుకూరుపేట మండలం రైతు

జవాబు: బోర్డు ఆర్డునో ఊనో ఆర్3 అయ్యుంటే వాదన అక్కడే ముగిసేది. దాని ర్యామ్ 2 కేబీ, మైక్రోపైథాన్ పట్టదు. ఈఎస్‌పీ32లో 520 కేబీ ఉంది, రెండూ నడుస్తాయి. కాబట్టి అర్ధరాత్రి పరికరం ఆగిపోతే గట్టు మీదికి వెళ్లి సరిచేసేది ఎవరో చూడండి. తమ్ముడైతే మైక్రోపైథాన్ పెట్టండి. మీరైతే మీకు చేతనైనదే పెట్టండి.

మైక్రోపైథాన్‌కు ఒక పెద్ద సుఖం ఉంది. ల్యాప్‌టాప్ తగిలించి ఒక్క లైన్ టైప్ చేస్తే సెన్సర్ రీడింగ్ వెంటనే కనబడుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో చిన్న మార్పుకైనా మళ్లీ కంపైల్ చేసి బోర్డులోకి ఎక్కించాలి. రెండు సెన్సర్లనూ ఒకే బకెట్ నీళ్లలో పెట్టి తేడా చూసుకునే రోజుల్లో ఈ సుఖం బాగా తెలుస్తుంది. దాని లోపం వేరే చోట ఉంది. వైఫై పోయినప్పుడు వచ్చే ఎర్రర్‌ను మీరు పట్టుకోకపోతే ప్రోగ్రామ్ అక్కడితో ఆగి, కమాండ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. లైట్ వెలుగుతూనే ఉంటుంది, డేటా రాదు. నెట్‌వర్క్‌కు సంబంధించిన ప్రతి పనినీ ఎర్రర్లను పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్ మధ్య పెట్టండి. దాంతోపాటు వాచ్‌డాగ్ టైమర్ ఆన్ చేయండి. ప్రోగ్రామ్ గడువులోగా దానికి సంకేతం ఇవ్వకపోతే బోర్డును అదే రీసెట్ చేస్తుంది. పొడవైన మెసేజ్‌లను ముక్కలు ముక్కలుగా అతికించి తయారుచేస్తుంటే మెమరీ చిల్లరచిల్లరగా విడిపోయి, కొన్ని రోజులకు మెమరీ ఎర్రర్ వస్తుంది. ఈ బాధ సీ ప్లస్ ప్లస్‌లో పెద్ద ఎస్‌తో మొదలయ్యే స్ట్రింగ్ వాడినా తప్పదు. సైజు ముందే ఖరారు చేసిన క్యారెక్టర్ బఫర్ వాడితే పోతుంది.

ఆర్డునో పద్ధతిలో రాసేవాళ్లను పట్టుకునే తప్పు ఇంకొకటి ఉంది. బోర్డు ఆన్ అయినప్పటి నుంచి మిల్లీసెకన్లు లెక్కపెట్టే మిల్లిస్ 32 బిట్ల సంఖ్య. 49 రోజుల 17 గంటలకు అది నిండి మళ్లీ సున్నా అవుతుంది. వనామీ రొయ్య పంట మూడు, నాలుగు నెలలు కాబట్టి ఇది సరిగ్గా పంట మధ్యలో పడుతుంది. "ఇప్పటి సమయం, తర్వాతి రీడింగ్ సమయం కన్నా ఎక్కువా?" అని పోల్చి రాసి ఉంటే ఆ రోజు లెక్క తప్పుతుంది. "ఇప్పటిది మైనస్ పాతది, విరామం కన్నా ఎక్కువా?" అని అన్‌సైన్డ్ (మైనస్ లేని) సంఖ్యలతో తీసివేత రాస్తే సున్నా దాటినా సరిగ్గానే వస్తుంది. మైక్రోపైథాన్‌లో మామూలు తీసివేత వద్దు. టిక్స్ డిఫ్ అనే ఫంక్షన్ ఇందుకే ఉంది.

ఇక్కడి నుంచి చెప్పేవి ఏ లాంగ్వేజ్ అయినా ఒకటే. సెన్సర్ డేటా వైరుకు, 3.3 వోల్టుల వైరుకు మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ ఉండాలి. రీడింగ్ 85 డిగ్రీలని వస్తే నీళ్లు కాగాయని కాదు. సెన్సర్‌కు కరెంటు అందిన వెంటనే దానిలో ఉండే విలువ అది. కొలత పూర్తికాకముందే చదివారన్నమాట. 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకన్లు ఆగాలి. ఆర్డునోలో ఎక్కువమంది వాడే డల్లాస్ టెంపరేచర్ లైబ్రరీ -127 చూపిస్తే వైరు ఊడినట్టు. ఈ రెండు విలువలూ ఫోన్‌కు పోకుండా ప్రోగ్రామ్‌లోనే వడకట్టండి. తర్వాత అనలాగ్ సెన్సర్ ఏదైనా చేరుస్తే దాన్ని వోల్టేజ్‌ను అంకెగా మార్చే ఏడీసీ1 పిన్నులకే కలపండి. వైఫై ఆన్‌లో ఉండగా ఏడీసీ2 పిన్నుల మీద ఆధారపడలేం.

ఏరేటర్లు ఆన్ చేసిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతోందంటే ప్రోగ్రామ్‌లో వెతికి లాభం లేదు. మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు వోల్టేజ్ పడిపోయి, అలాంటప్పుడు బోర్డును రీసెట్ చేసే బ్రౌన్‌అవుట్ రక్షణ పనిచేస్తోంది. బోర్డుకు మంచి 5 వోల్టుల అడాప్టర్ విడిగా పెట్టి, బోర్డు దగ్గరే 470 నుంచి 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి తగిలించండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: ఉష్ణోగ్రత తెలిసినంత మాత్రాన డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) తెలిసినట్టు కాదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ ఏరేటర్లను ఈ పరికరానికే వదిలేసి నిద్రపోవద్దు.

ప్రశ్న: నెల్లూరులో రైస్ మిల్లు ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. ఎక్సెల్ షీట్లు చేయిదాటిపోయాయి. కొంచెం పైథాన్, కొంచెం జావాస్క్రిప్ట్ వచ్చు. ధాన్యం కొనుగోళ్లు, రైతుల చెల్లింపులకు ప్రోగ్రామ్ ఎందులో రాసుకోవాలి? రెండు సిస్టమ్‌లు ఇంకా విండోస్ 7 మీదే ఉన్నాయి.
– నెల్లూరు పాఠకుడు

జవాబు: మీ విషయంలో లాంగ్వేజ్ కన్నా ముందు విండోస్ 7 మాట్లాడుతుంది. పైథాన్ 3.8తోనే దానికి ఆఖరు, గో లాంగ్వేజ్ 1.20తో ఆఖరు, క్రోమ్ 109తో ఆఖరు. అందుకని ప్రోగ్రామ్‌ను కొత్త విండోస్ ఉన్న ఒక్క సిస్టమ్ మీదే నడపండి. మిగతావాళ్లు ఆఫీసు నెట్‌వర్క్‌లో బ్రౌజర్ ద్వారా తెరుచుకుంటారు. పాత రెండింటికీ బయటి ఇంటర్నెట్ ఇవ్వకపోవడం మంచిది. డేటాకు ఎస్‌క్యూలైట్ చాలు, అది మొత్తం డేటాబేస్‌ను ఒకే ఫైల్‌లో ఉంచుతుంది. ఆ ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి అందరి సిస్టమ్‌ల నుంచీ తెరిస్తే మాత్రం లాకింగ్ దెబ్బతిని ఫైల్ పాడైపోవచ్చు. దాన్ని తాకేది మీ ప్రోగ్రామ్ ఒక్కటే కావాలి.

డబ్బు లెక్క కాబట్టి మేం పైథాన్ వైపే మొగ్గుతాం. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ ఫ్లోట్లే, అంటే దశాంశాలను ఉజ్జాయింపుగా దాచేవే. అందులో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పైథాన్ ఫ్లోట్‌లోనూ ఇంతే గానీ, దానితోపాటే వచ్చే డెసిమల్ మాడ్యూల్ ఉంది. డెసిమల్‌కు విలువను స్ట్రింగ్‌గా ఇవ్వాలి. ఫ్లోట్‌గా ఇస్తే తప్పు కూడా లోపలికి వచ్చేస్తుంది. పైథాన్ రౌండ్ ఫంక్షన్ 2.5ను 2 చేస్తుంది, సరిసంఖ్య వైపు మొగ్గడం దాని నియమం. చీటీలో 50 పైసలు పై రూపాయిగా లెక్కేసే అలవాటుంటే రౌండ్ హాఫ్ అప్ అని స్పష్టంగా చెప్పాలి.

లెక్క వరుస కూడా ముఖ్యమే. ఉదాహరణకు పుట్టి 20,000 రూపాయలనుకుందాం. కిలో ధరను ముందే 23.53గా సవరించి 12,430 కిలోలకు వేస్తే 2,92,477.90 వస్తుంది. బరువును పుట్టి ధరతో గుణించి, చివర 850తో భాగిస్తే 2,92,470.59. ఒక్క చీటీలో 7.31 రూపాయల తేడా. బరువు కిలోల్లో, ధర ఆ రోజు పుట్టి ధరగా భద్రపరిచి, సవరణ ఒక్కసారి, అదీ చివర్లో చేయండి. 850 అన్న అంకెను కోడ్‌లో అక్కడక్కడా రాయకుండా సెట్టింగుల టేబుల్‌లో ఉంచండి. స్థానిక కొలతలు ఊరు మారితే మారతాయి: నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36.

ఫోన్, బ్యాంకు ఖాతా నంబర్లను టెక్స్ట్‌గా దాచండి. వాటిని కూడేదీ తీసేదీ లేదు. అంకెలుగా దాస్తే ఖాతా నంబరు ముందున్న సున్నాలు పోతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా ఉంచుతుంది, 16వ అంకెను సున్నా చేసేస్తుంది. పాత షీట్ల నుంచి తెచ్చేటప్పుడు పొడవైన ఖాతా నంబర్లను పాస్‌బుక్కులతో సరిచూడండి.

ప్రశ్న: తెలుగు పండితుణ్ణి. పద్యంలో గురులఘువులు గుర్తించే ప్రోగ్రామ్ రాద్దామని పైథాన్ పట్టుకున్నాను. "నెల్లూరు" అన్న మాట పొడవు 8 అని చెబుతోంది. తెలుగుకు సరిపడే లాంగ్వేజ్ వేరే ఏదైనా ఉందా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: పైథాన్ తప్పు చెప్పలేదు, అది లెక్కపెట్టినది వేరు. న, ఎత్వం, ల, పొల్లు గుర్తు, ల, ఊత్వం, ర, ఉత్వం: ఇవి 8 యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) సంకేతాలు. జావా కూడా 8 అంటుంది. గో, రస్ట్ లాంగ్వేజ్‌లు 24 అంటాయి, ఎందుకంటే అవి బైట్లు లెక్కిస్తాయి, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. స్విఫ్ట్ లాంగ్వేజ్ కంటికి కనిపించే అక్షరాలకు దగ్గరగా లెక్కిస్తుంది గానీ, వత్తులున్న అక్షరాన్ని ఒకటిగా పట్టే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. కాబట్టి వెర్షన్‌ను బట్టి 3 రావచ్చు, 4 రావచ్చు. ఛందస్సుకు అలాంటి ఊగిసలాట పనికిరాదు. పైథాన్‌లోనే ఉండి అక్షర విభజన మీరే రాసుకోండి, ముప్ఫై నలభై లైన్ల పని.

ఒక్కో సంకేతానికి ఆర్డ్ ఫంక్షన్ ఇచ్చే యూనికోడ్ సంఖ్యలు చూడండి. అచ్చులు 3077 నుంచి 3092, హల్లులు 3093 నుంచి 3129, గుణింతపు గుర్తులు 3134 నుంచి 3148, పొల్లు గుర్తు 3149, సున్న 3074, విసర్గ 3075. అచ్చు వస్తే కొత్త అక్షరం. హల్లు వస్తే, దాని ముందు పొల్లు గుర్తు లేనప్పుడే కొత్త అక్షరం. మిగతావన్నీ నడుస్తున్న అక్షరానికే చేరతాయి. మాట చివర పొల్లు మిగిలితే దాన్ని వెనక అక్షరానికి కలిపి గురువు చేయండి. ఇలా చేస్తే నె, ల్లూ, రు వస్తాయి. సంయుక్తానికి ముందుంది కాబట్టి నె గురువు, ల్లూ గురువు, రు లఘువు, తగణం.

రెండు చోట్ల జాగ్రత్త. "ఫేస్‌బుక్" లాంటి మాటల్లో వత్తు పడకుండా ఆపే కనబడని సంకేతం 8204 ఉంటుంది. ఐత్వం ఒక్కోసారి 3144గా, ఒక్కోసారి 3142, 3158 అనే రెండు ముక్కలుగా వస్తుంది. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌ను ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో ముందే నడిపితే రెండూ ఒకటవుతాయి. పదాది సంయుక్తం ముందు అక్షరాన్ని గురువు చేయాలా వద్దా అన్నది సమాసాన్ని బట్టి ఉంటుందని మీకు తెలిసిందే. దాన్ని ప్రోగ్రామ్ పసిగట్టలేదు, చేత్తో గుర్తు పెట్టే వీలు ఉంచండి. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడం మరవకండి, విండోస్‌లో అది చెప్పకపోతే ఎర్రర్ రావచ్చు. ఎక్సెల్‌లో తెరవాల్సిన సీఎస్‌వీ అయితే యూటీఎఫ్-8-సిగ్ అని రాయండి.

ప్రశ్న: మా గ్రానైట్ ఆఫీసులో బిల్లింగ్ అంతా వీబీ 6 (విజువల్ బేసిక్ 6)లో రాసుకున్నదే. ఇంకా నడుస్తోంది. వదిలేయాలా?
– చీమకుర్తి పాఠకుడు

జవాబు: నడుస్తున్నదాన్ని ఈ నెలలోనే తీసేయనక్కర్లేదు. వీబీ 6తో తయారైన ప్రోగ్రామ్‌లు నడవడానికి కావాల్సిన రన్‌టైమ్‌ను విండోస్ ఇంకా ఇస్తూనే ఉంది. ప్రోగ్రామ్ రాసే టూల్‌కు మాత్రం మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్‌లో ముగిసింది. కొత్త ఫీచర్లు వీబీ 6లో చేర్చడం ఆపేసి, కొత్తవి సీ షార్ప్‌లో రాయండి. ఫారమ్, బటన్, ఈవెంట్ అన్న ఆలోచన అలాగే ఉంటుంది కాబట్టి ఇన్నేళ్ల అలవాటు వృథా పోదు. మొదట రిపోర్టులు మార్చండి, బిల్లు కొట్టే స్క్రీన్ చివరికి ఉంచండి. డేటాబేస్ ఫైల్‌కు, సోర్స్ కోడ్‌కు, ఓసీఎక్స్ ఫైళ్లకు (స్క్రీన్ మీది అదనపు కంట్రోళ్లు ఉండే ఫైళ్లు) వేరే డిస్కులో కాపీ ఈ రోజే తీసుకోండి. సిస్టమ్ చెడి కొత్తది కొన్నప్పుడు ఎక్కువగా దొరకకుండా పోయేవి ఆ ఓసీఎక్స్ ఫైళ్లే.